ట్యూబింగెన్‌లో నా ఎక్స్ఛేంజ్ ఏడాది

తొమ్మిదో తరగతి దాకా గుంటూరులో చదివాను. మేనత్త స్పాన్సర్ చేస్తే గ్రీన్‌కార్డు వచ్చి డల్లాస్‌కి మారాం. కాలేజీలో చేరాక నాకు అమెరికా పౌరసత్వం వచ్చింది. మూడో ఏడాది విదేశీ యూనివర్సిటీలో చదివే ఎక్స్ఛేంజ్‌కి ఎక్కడికి వెళ్తావని అడిగితే నేను రాసిన పేరు ఒక్కటే, జర్మనీలోని ట్యూబింగెన్. బయాలజీ చదివేవాళ్లకి ఆ ఊరి మీద మనసు పోవడంలో వింత లేదు. 1869లో ఫ్రీడ్రిష్ మీషర్ అనే శాస్త్రవేత్త, ఆసుపత్రి కట్లకి అంటిన చీము కణాల నుంచి, ఇవాళ మనం డీఎన్ఏ అంటున్న పదార్థాన్ని తొలిసారి వేరు చేసింది అక్కడే. కొండమీది కోటలో, వంటగదిని ల్యాబ్‌గా మార్చిన గదిలో.

అమెరికా పాస్‌పోర్టు ఉంటే జర్మనీకి ముందుగా వీసా అక్కర్లేదు. దిగాక 90 రోజుల్లోపు అక్కడే రెసిడెన్స్ పర్మిట్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేస్తున్న మా పెద్దమ్మ కూతురు ఇదే అనుమతి కోసం గుంటూరు నుంచి నెలల తరబడి కాగితాలు పట్టుకుని తిరిగింది. ముందు మన చదువు సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్, తర్వాత బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ముందే మొత్తం వేసి నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాది ఖర్చుకి డబ్బు, ఆపైన వీసా అపాయింట్‌మెంట్. పైగా ఈ రెండు ఊళ్లూ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చినవాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు కట్టాలి. ఎక్స్ఛేంజ్ విద్యార్థులకి అది లేదు, నా ఫీజు మా అమెరికా కాలేజీకే వెళ్లింది. ఒకే ఇంటి పిల్లలం, ఒకే ఊరివాళ్లం, పాస్‌పోర్టు ఒక్కటే వేరు. దానికే ఇంత తేడా ఉండడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అక్క మాత్రం, “వీసా లేదని పని తప్పిందనుకోకే. నేను అక్కడ చేసినవన్నీ నువ్వు ఇక్కడికొచ్చి చేస్తావు, అదీ జర్మన్‌లో” అంది. అలాగే జరిగింది.

అన్నిటికీ మొదలు అన్‌మెల్డుంగ్. ఫలానా ఇంట్లో ఉంటున్నానని ఊరి ఆఫీసులో పేరు నమోదు చేయించుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయాలి. దానికి అద్దె అగ్రిమెంట్ సరిపోదు, మీరు ఆ ఇంట్లో చేరారని యజమాని విడిగా రాసి సంతకం పెట్టిన కాగితం కావాలి. భాషా కోర్సు కోసం నేను 2024 సెప్టెంబరులోనే వచ్చి ఒకరి దగ్గర గది తీసుకున్నాను. ఆయన ఆ కాగితం ఇవ్వనన్నారు. చట్టం ప్రకారం ఇచ్చి తీరాలి. కానీ కొత్త ఊళ్లో, రాని భాషలో, తల దాచుకున్న గది యజమానితో గొడవపడడం తేలిక కాదు. ఆ వారాలన్నీ టెన్షనే. అద్దె ఎంతో అడిగే ముందు “ఆ కాగితం ఇస్తారా?” అని అడగండి, ఇవ్వనంటే ఆ గది వద్దు.

అక్టోబరులో ఊరికి ఉత్తరాన కొండమీది హాస్టల్‌లో గది వచ్చింది. తాళంచెవితో పాటే ఆ కాగితమూ ఇచ్చారు. ఊరి ఆఫీసు కౌంటర్లో ఉన్నావిడ నా పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని పేరు ఒక్కో అక్షరం చూస్తూ కొట్టింది. ఇంటిపేరు దగ్గర ఆగి, స్క్రీన్ నావైపు తిప్పి సరిచూడమంది. ఫారంలో మతం అడిగే గడి ఉంటుంది. అది చర్చి పన్ను కోసం. అక్కడ చర్చి సభ్యులైతే ఆదాయపు పన్నుతో పాటు అదీ పడుతుంది. వర్తించదని రాశాను. ఆవిడ ముద్ర కొట్టి ఇచ్చిన ఒక్క పేజీతో ఆగిన పనులన్నీ కదిలాయి.

హెల్త్ ఇన్సూరెన్స్ లేనిదే యూనివర్సిటీ అడ్మిషన్ పూర్తి కాదు. అప్పట్లో నెలకి 120 యూరోల పైనే అయ్యేది. ఇన్సూరెన్స్ వాళ్లే యూనివర్సిటీకి కంప్యూటర్లో సమాచారం పంపిస్తారు కాబట్టి మనం తిరిగే పని లేదు. పర్మిట్‌కి వేలిముద్రలు తీసుకుని 100 యూరోలు కట్టించుకున్నారు. కార్డు బెర్లిన్‌లో అచ్చయి రావాలి, దానికి వారాలు పడుతుంది.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, అమెరికా నుంచి వెళ్లే తెలుగు పిల్లలకి ఇది ఎవరూ చెప్పరు. నేను వెళ్లిన 2024లో పర్మిట్‌కి ఏడాదికి 11,904 యూరోలు ఉన్నట్టు చూపాల్సి వచ్చింది. నేను బ్లాక్డ్ అకౌంట్ తెరిచాను, అందులోంచి నెలకి 992 చొప్పున నా చేతికొచ్చాయి. అమెరికా పౌరులం కాబట్టి అక్కడి బ్యాంకులు మన అమెరికా ట్యాక్స్ నంబరు అడుగుతాయి. అమెరికా పన్ను నిబంధనల బెడద పడలేక కొన్ని బ్యాంకులు మనకి ఖాతా ఇవ్వడానికే వెనకాడతాయి. ఇంకొకటి, విదేశీ ఖాతాల్లో మొత్తం కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్, అంటే ఆ ఖాతాల వివరాలు తెలిపే ఫారం, దాఖలు చేయాలి. బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన తొలిరోజే ఆ గీత దాటిపోతాం. పన్నేమీ ఉండదు, ఆన్‌లైన్లో ఒక ఫారం, అంతే. గడువు మరుసటి ఏడాది ఏప్రిల్ 15, అడక్కుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. వదిలేస్తే మాత్రం జరిమానాలు పెద్దవి.

చదువు సంగతికి వస్తే, తొలి సెమిస్టర్ క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా నడిచాయి. టైంటేబుల్లో పది పక్కన ‘సి.టి.’ అని ఉంటే క్లాసు పదీ పదిహేనుకి. లెక్చర్ అవగానే అందరూ వేలి కణుపులతో బల్ల మీద టకటకా కొడతారు, అక్కడ అదే చప్పట్లు. మూడొందల మంది హాల్లో ఆ చప్పుడు విన్నప్పుడు ఒళ్లు పులకరించింది. అమెరికాలో నాకు వారం వారం క్విజ్, హోంవర్క్, హాజరు. ఇక్కడ లెక్చర్‌కి హాజరు తీసుకోలేదు, మధ్యలో మార్కులూ లేవు. చివర్లో ఒకే పరీక్ష, మార్కంతా దానిమీదే. ఆ పరీక్షకి కూడా మనమే గడువులోపు విడిగా రిజిస్టర్ కావాలి. మన వెంటపడి గుర్తుచేసేవాళ్లు ఉండరు. ఈ పద్ధతి నాకు నిజంగా నచ్చింది. చదవాలా వద్దా అన్నది పూర్తిగా నాకే వదిలేశారు, అలా వదిలేసినప్పుడే నేను బాగా చదివాను. జర్మన్ క్లాస్‌మేట్స్‌తో కలిసి పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని కూర్చున్న జనవరి సాయంత్రాలే ఆ ఏడాదిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి. మార్కుల్లో 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 వస్తే పాస్. మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో, తిండి చవక. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, పప్పూ బియ్యం శనివారమే తెచ్చుకోవాలి.

క్రెడిట్ల లెక్క ముందే తేల్చుకోండి. అక్కడి రెండు క్రెడిట్లకి మా కాలేజీ ఒకటి ఇచ్చింది. ఏ కోర్సు దేనికి సరిపోతుందో వెళ్లేముందే డిపార్ట్‌మెంట్‌తో రాయించుకున్నాను కాబట్టి, తిరిగొచ్చాక ఒక్కటీ పోలేదు.

దేశం వదిలేటప్పుడు అబ్‌మెల్డుంగ్, అంటే పేరు తీయించుకోవడం. వెళ్లే తేదీకి వారం ముందు నుంచే తీసుకుంటారు. ఇంటింటికీ నెలకి 18.36 యూరోల రేడియో-టీవీ రుసుము ఉంటుంది. ఊరు విడిచినంత మాత్రాన అది ఆగదు, మనమే రాసి ఆపించాలి. పేరు తీయించుకున్న కాగితం నకళ్లు ఒకటి రుసుము వాళ్లకి, ఒకటి ఇన్సూరెన్స్‌కి పంపి, అసలు కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను. బ్యాంకు ఖాతాని మాత్రం వెంటనే మూయలేదు, హాస్టల్ డిపాజిట్ తిరిగి రావాల్సింది దాంట్లోకే.