గోపాల్‌పూర్‌లో గవ్వకన్ను పడవ

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. కానీ బరంపురంలో రైలు దిగి ఇడ్లీ తెలుగులో అడిగితే తెలుగులోనే బదులొచ్చింది. 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా. అక్కణ్ణుంచి గోపాల్‌పూర్ సుమారు 15 కిలోమీటర్లు.

లైట్‌హౌసూ, బీచి రోడ్డూ గంటలో అయిపోయాయి. మిగిలిన రోజంతా నోళియా సాహిలోనే, అంటే జాలరిపేటలోనే. ఒడియావాళ్లు నోళియాలనే ఈ జాలర్లు ఇళ్లలో మాట్లాడేది మన భాషే.

సందు మలుపులో ఒక ఇంటి గోడ మీద పడవ కనిపించింది. రంగు చుక్క లేదు, అంతా గుల్లలే. పడవ ఒళ్లంతా గీతల ఆలిచిప్పలు, అలలకు పొడుగాటి నత్తగుల్లలు, ముందు కొనమీద కన్నులా ఒక్క గవ్వ. చేత్తో తడిమి చూడకుండా ఉండలేకపోయాను.

"ఎవరు చేశారమ్మా?" ఆ ఇంటావిడను అడిగాను.

"నేనే బాబూ. వల్లోంచి ఏరి పారేస్తాం కదా, ఆ గుల్లలే."

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. వాళ్ల పాత గోడ ఆ రాత్రే పడిపోయిందట. కొత్తది కట్టాక ఈ పని మొదలుపెట్టింది. గుల్లల్ని మంచినీళ్లు మారుస్తూ రోజుల తరబడి నానేస్తుంది. ఉప్పు మిగిలితే గోడ మీద తెల్లగా పొంగి, సిమెంటు పెళ్లలుగా రాలిపోతుంది.

నా ముందే ఒకటి అతికించింది. చిప్ప బోలులో సిమెంటు కూరి, తడి గోడకు బొటనవేలితో నొక్కి, కాస్త తిప్పింది. అంచుల్లో ఉబికిన సిమెంటును చీపురుపుల్లతో గీకేసింది. "లోపల గాలుండిపోతే ఎండకి ఊడిపోద్ది."

ఆ గవ్వకన్ను దగ్గరే చాలాసేపు నిలబడ్డాను. మనం చిల్లిగవ్వ లేదంటాం. ఈ ఒడిశాలో గవ్వలు నిజంగానే డబ్బుగా చెల్లాయి. ఈస్టిండియా కుంఫిణీ వాళ్లు వాటిని కాదని శిస్తు వెండి రూపాయల్లో కట్టమన్నారు. 1817లో పాయికాలు, అంటే ఇక్కడి రాజుల కాలం నాటి సిపాయిలు, వాళ్ల మీద చేసిన తిరుగుబాటుకు అదీ ఒక కారణం. అలాంటి గవ్వ ఇక్కడ పడవకు చూపయింది.

అడుగున ఒక మూల ఇంకా ఖాళీ. ఒకే సైజు చిప్పలు దొరకాలట. ఇంతలో మనవరాలు బడి నుంచి వచ్చి, టిఫిన్ డబ్బా అరుగు మీద బోర్లించింది. ఇసుకతో పాటు గుల్లలు జారాయి. ఒక్కొక్కటీ పక్కకు నెడుతూ, లెక్క ఒడియాలో పెట్టింది, పేర్లు తెలుగులో చెప్పింది.