3.9 గిగాపాస్కల్స్ గొడవ

విషయం ఈరోజే తేలింది, కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. సిలికాన్ వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచని బిళ్ళ) మీద వేసిన 200 నానోమీటర్ల నైట్రైడ్ ఫిల్మ్‌లో స్ట్రెస్, అంటే ఆ పొర లాగుడు, ఎంతుందో కొలవాలి. ఆ లాగుడికి వేఫర్ ఎంత వంగిందో మెషీన్ లేజర్‌తో చూసి లెక్క కడుతుంది. అంతే పని.

క్లీన్‌రూమ్ ట్రైనింగ్, స్లాట్ బుకింగ్ ఇట్టే అయిపోయాయి. ఫర్నేస్‌లో నైట్రైడ్ రెండు వైపులా పడుతుంది. వెనక పొర తీసేయకపోతే రెండు వైపుల లాగుడూ సరిసమానమై వేఫర్ వంగదు. మా బ్యాచ్‌లో కొందరు ఇక్కడే బోల్తా పడ్డారు, నేను పడలేదు. వెనకవైపు ముందే ఎచ్ చేయించి ఆ పొర తీయించేశాను. ఫిల్మ్ ఉన్న వైపు పళ్ళెంలా గుంటపడింది: 40 మిల్లీమీటర్ల స్కాన్‌లో 19 మైక్రాన్లు. కంటికి ఆనదు గానీ లేజర్‌కి దొరుకుతుంది.

రిపోర్టులో మాత్రం 3.9 గిగాపాస్కల్స్ అని వచ్చింది. ఇలాంటి నైట్రైడ్‌కి మామూలుగా 1 అటూ ఇటూ ఉంటుంది. టెక్నీషియన్‌ని అడిగితే, "మెషీన్ అబద్ధం చెప్పదమ్మా, నీ ఫిల్మే తేడా" అన్నాడు. గ్రూప్ మీటింగ్‌లో మా సార్ స్లైడ్ చూసి, "ఇంత స్ట్రెస్ ఉంటే ఈపాటికి పగిలిపోవాలి కదా, అసలు ఏం కొలిచావు?" అన్నారు. జూనియర్లు నవ్వు ఆపుకుంటూ ల్యాప్‌టాప్‌లలో తలలు దూర్చారు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

తిరిగి సూత్రం దగ్గరికే వెళ్లాను. 1909లో స్టోనీ ఉక్కు స్కేలు మీద నికెల్ పూత పూసి, అది ఎంత వంగిందో చూసి కట్టిన లెక్క ఇది. ఫిల్మ్ మాడ్యులస్ (ఎంత దృఢంగా ఉందనే లెక్క) తెలియకపోయినా ఫర్వాలేదు, దాని మందం తెలిస్తే చాలు. వేఫర్ మందం మాత్రం వర్గమై కూర్చుంటుంది. అక్కడ తప్పితే అంతా తప్పుతుంది. రిపోర్టు అడుగున చిన్న అక్షరాల్లో చూస్తే వేఫర్ మందం 525 మైక్రాన్లు! అది 4 అంగుళాల వేఫర్ డీఫాల్ట్. నాది 2 అంగుళాలది, మైక్రోమీటర్‌తో కొలిచి 279 అని ఫారంలో రాసి మరీ ఇచ్చాను. ఆ ఫారం ఎవరూ తెరవనే లేదు. రెండు వర్గాల నిష్పత్తి మూడున్నర. భాగిస్తే 1.1 వచ్చింది.

కాబట్టి ప్రింటవుట్‌తో సరిపెట్టుకోకుండా ముడి డేటా పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకోండి. ఫిల్మ్ వేయకముందు స్కాన్ తప్పనిసరి, వేశాక కూడా అదే దిశలో పెట్టించండి.

రిపోర్టు సరిచేసి ఇవ్వమంటే మళ్లీ స్లాట్ డబ్బులు కట్టమన్నారు. కట్టలేదు. లెక్క నేనే వేసి సార్‌కి మెయిల్ పెట్టాను. "ఓకే" అని జవాబిచ్చారు, ఒక్క ముక్క.