రొమ్ములో గడ్డకు ఏ సూది పరీక్ష? నా అనుభవం

గడ్డ ఉందని వచ్చినవాళ్లకు అల్ట్రాసౌండ్, అవసరమైతే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా పూర్తయ్యాకే నేను సూది పట్టుకుంటాను. ముందే గుచ్చితే లోపల రక్తం చేరి, స్కాన్‌లో గడ్డ అంచులు సరిగ్గా కనపడవు.

నీటి గడ్డయితే సన్న సూదితో నీరు లాగేస్తే సరిపోతుంది. అందులో రక్తం కలిసుంటే మాత్రం పారబోయకుండా ల్యాబ్‌కు పంపుతాను.

గట్టి గడ్డకు ఎఫ్‌ఎన్‌ఏసీ, అంటే సన్న సూదితో కణాలు లాగి చూసే పరీక్ష, చేయొచ్చు. 22 నుంచి 25 గేజ్ సూది (గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం), సిరంజి ఉంటే చాలు, నిమిషాల్లో అయిపోతుంది. సూది బయటికి తీసే ముందే సిరంజి లాగుడు వదిలేయాలి, లేకపోతే కణాలు సిరంజిలోకి వెళ్లిపోతాయి. కణాలు మైక్రోస్కోపులో కనపడేందుకు పాప్ అనే రంగు వేసే గాజు స్లైడును వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి. అంతా సవ్యంగా చేసినా ఇందులో దొరికేవి విడి కణాలే. క్యాన్సర్ పాలనాళంలోనే ఉందా, గోడ దాటిందా అన్నది తేలదు. అందుకే అనుమానంగా ఉన్న గడ్డకు నేను కోర్ బయాప్సీయే, అంటే లావు సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీసే పరీక్షే, చేస్తాను.

దీనికి వాడేది 14 గేజ్ సూది. గడ్డ దాకా మొద్దుబార్చే మందు లిడోకెయిన్ ఇచ్చి, చర్మం మీద 2-3 మిల్లీమీటర్ల గాటు పెడతాను. సూదిని స్ప్రింగుతో వదిలే గన్ నొక్కగానే మొన సుమారు 2 సెంటీమీటర్లు ముందుకు దూకుతుంది కాబట్టి సూదిని ఛాతీ గోడకు సమాంతరంగా ఉంచాలి. నిటారుగా పెడితే ఊపిరితిత్తికి తగలొచ్చు. ఆ టప్‌మనే చప్పుడుకు ఉలిక్కిపడి కదులుతారని ముందే ఒకసారి వినిపిస్తాను. మామూలుగా 3 నుంచి 5 ముక్కలు తీస్తాం. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో వేశాక అది తెల్లగా ఉండి మునిగితే ముక్క సరిగ్గా వచ్చినట్టే. పసుపుగా తేలిందంటే చాలావరకు కొవ్వే, ఇంకోటి తీయాల్సిందే. ఫార్మలిన్‌లో 6 గంటలకు తగ్గకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి. లేదంటే క్యాన్సర్‌కు ఏ మందు పనిచేస్తుందో తేల్చే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షల ఫలితాలు దెబ్బతింటాయి.

తర్వాత 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి. కమిలి రంగు మారడం మామూలే. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు. సూది పెడితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో దయచేసి పరీక్ష వాయిదా వేయకండి.

మామోగ్రామ్‌లో సున్నపు (కాల్షియం) చుక్కలే కనిపిస్తే, గాలి లాగుడుతో ముక్కలు తీసే వాక్యూమ్ బయాప్సీ మేలు. తీసిన ముక్కలకు అక్కడే ఎక్స్‌రే తీసి చుక్కలు వచ్చాయో లేదో చూస్తాం.

రిపోర్టులో క్యాన్సర్ లేదని వచ్చినా, స్కాన్‌లో గడ్డ ముళ్లుముళ్లుగా, అనుమానంగా ఉంటే నేను ఆ రిపోర్టుతో సరిపెట్టుకోను. సూది పక్కకు పోయి ఉండొచ్చు, మళ్లీ తీయాలి.