అమ్మినవాడే నడిపాడు

ఫ్రాన్స్‌లోని లె మాన్‌కి అందరూ జూన్‌లో, 24 గంటల కార్ల రేసు కోసం వెళ్తారు. మేం కావాలనే ఏ సందడీ లేని రోజు చూసుకుని వెళ్లాం. 13.6 కిలోమీటర్ల ఆ సర్క్యూట్‌లో చాలా భాగం మిగతా రోజుల్లో జనం తిరిగే రోడ్డే. అద్దె కారు చాలు, ఎవరైనా నడపొచ్చు. రేసు డ్రైవరు లుయీజీ కినెట్టి నడిపిన దారిలో ఒకసారి వెళ్లాలని నా కోరిక.

టెర్త్ర్ రూజ్ మలుపు తిరిగితే హునోదియేర్ రోడ్డు, ఆరు కిలోమీటర్ల దాకా గీత గీసినట్టు తిన్నగా. లారీలు, పక్కన దుకాణాలు. 1990లో వేగం తగ్గించడానికి కట్టిన చికేన్లు రోడ్డు పక్కన వంపులుగా కనిపిస్తాయి. "రాత్రంతా ఇదే రోడ్డా? నిద్ర రాదూ?" అంది మా ఆవిడ.

అప్పుడు చెప్పాను 1949 సంగతి. యుద్ధం తర్వాత జరిగిన మొదటి 24 గంటల రేసు అది. కారు రెండు లీటర్ల ఇంజనున్న ఫెరారీ 166 ఎం.ఎం. దాని యజమాని బ్రిటిష్ ప్రభువు లార్డ్ సెల్స్‌డన్. ఆయనకి ఒంట్లో బాగోలేక గంట పైచిలుకు మాత్రమే నడిపాడు. మిగతాదంతా, ఇంచుమించు 23 గంటలు, 47 ఏళ్ల కినెట్టే. 235 ల్యాపులు (చుట్లు), 3,178 కిలోమీటర్లు. లె మాన్‌లో ఫెరారీకి అదే తొలి గెలుపు. ఇప్పుడలా కుదరదు, ఒక డ్రైవరు మొత్తం మీద 14 గంటలు దాటకూడదు.

విచిత్రం ఏమిటంటే, 1932లో ఇక్కడే కథ తిరగబడి ఉంది. ఆల్ఫా రోమియోలో జబ్బుపడింది కినెట్టి, 20 గంటలకు పైగా లాగింది జోడీ డ్రైవరు రేమొన్ సొమ్మేర్. ఆ గెలుపూ, 1934లో ఎతాన్‌స్లా అనే డ్రైవరుతో కలిసి గెలిచిందీ, 1949దీ కలిపితే మూడు.

మ్యూల్సాన్ దగ్గర రౌండబౌట్ తిరిగి అడవిలోకి వెళ్తే ఒక మలుపు పేరు ఇండియానాపొలిస్. ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన ఊరి పేరూ అదే. 1940లో మాసెరాటి జట్టుతో అక్కడి 500 మైళ్ల రేసుకి వెళ్లిన కినెట్టి, యుద్ధం వల్ల అమెరికాలోనే ఉండిపోయాడు. తర్వాత ఆ దేశంలో ఫెరారీలు అమ్మిందీ ఆయనే, మొదట న్యూయార్క్‌లో, ఆ తర్వాత కనెటికట్‌లోని గ్రెనిచ్‌లో. 1951లో తరుఫీ అనే డ్రైవరుతో కలిసి మెక్సికోలో కరేరా పానమెరికానా అనే రోడ్డు రేసు గెలిచారు. కారు అమ్మాలంటే ముందు దాన్ని గెలిపించాలని నమ్మిన మనిషి. ఇంతకంటే నిజాయితీగల ప్రకటన ఉంటుందా?

ఆర్నాజ్ దాటాక మా ల్యాపు ఆగిపోయింది. అక్కణ్ణుంచి పోర్షె మలుపుల వైపు ట్రాక్ రేసులకే, గేటు వేసి ఉంది. కారు వెనక్కి తిప్పుతూ 1965 గురించి కూడా చెప్పాను. ఆ ఏడాది ఫెరారీ ఫ్యాక్టరీ కార్లు బ్రేకుల గొడవతో వెనకబడితే, గెలిచింది కినెట్టి సొంత జట్టు నార్త్ అమెరికన్ రేసింగ్ టీమ్ దింపిన ఫెరారీ 250 ఎల్.ఎం. నడిపింది యోఖెన్ రింట్, మాస్టెన్ గ్రెగరీ. 2023లో ఫెరారీ మళ్లీ గెలిచినప్పుడు "58 ఏళ్ల తర్వాత" అని అందరూ రాశారు. ఆ 58 ఏళ్ల కిందటి గెలుపు ఒక డీలరుదని మాత్రం ఎక్కువమంది రాయలేదు.