పెద్దమ్మ ఇమ్యునోథెరపీ, అన్నయ్య తెచ్చిన కాప్సుల్స్

పెద్దమ్మకి కిడ్నీ కాన్సర్, ఊపిరితిత్తులకి కూడా పాకింది, ఇప్పుడు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే కాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) నడుస్తోంది, మూడు వారాలకోసారి గుంటూరు కొత్తపేటలో ఎక్కిస్తారు. పోయినసారి తిరిగొచ్చేటప్పుడు అన్నయ్య మెడికల్ షాపులో ప్రోబయోటిక్ (బతికున్న మంచి బాక్టీరియా) కాప్సుల్స్ రెండు స్ట్రిప్పులు కొనుక్కొచ్చాడు, మంచి బాక్టీరియా కాన్సర్ మీద పనిచేస్తుందని వాట్సాప్‌లో వచ్చిందంట. డాక్టర్‌ని అడిగేదాకా వెయ్యొద్దని నేను పట్టుబట్టాను, అన్నయ్యకి కోపమొచ్చింది. అప్పుడు గొడవలో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇక్కడ రాస్తున్నా.

అన్నయ్య చెప్పింది ఉత్త పుకారు కాదు. జబ్బుతో పోరాడే తెల్లకణాల్లో ఒక రకం టీ సెల్స్, వాటికి పీడీ-1 అని ఒక బ్రేక్ ఉంటుంది, కాన్సర్ కణాలు దాన్ని నొక్కి తప్పించుకుంటాయి, ఈ ఇమ్యునోథెరపీ మందు ఆ బ్రేక్ వదిలిస్తుంది. కానీ అదొక్కటే చాలదు, ఎవర్ని కొట్టాలో టీ సెల్స్‌కి చూపించేవి డెండ్రిటిక్ సెల్స్, వాటిని హుషారు చేయడంలో పేగుల్లో బాక్టీరియా చెయ్యి ఉంది. 2015లో షికాగో యూనివర్సిటీ వాళ్ళు ఎలకలకి బైఫిడోబాక్టీరియం పట్టిస్తే మెలనోమా (ఒక రకం చర్మ కాన్సర్) గడ్డ పెరగడం తగ్గింది, అదీ ఇమ్యునోథెరపీ మందు ఇచ్చినంతగా, రెండూ కలిపిస్తే దాదాపు ఆగిపోయింది! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత ఆశ పుట్టింది. 2022లో పెద్దమ్మ లాంటి ముదిరిన కిడ్నీ కాన్సర్ వాళ్ళు 30 మందితో అమెరికాలో ట్రయల్ చేశారు, ఇమ్యునోథెరపీతో పాటు సీబీఎం588 అనే బాక్టీరియా తీసుకున్నవాళ్ళలో జబ్బు ఎక్కువ కాలం అదుపులో ఉంది. చిన్న ట్రయలే, పైగా అది ఒక్క రకం బాక్టీరియా, డాక్టర్లు చూస్తుండగా ఇచ్చింది.

షాపులో స్ట్రిప్పు సంగతి వేరు. 2021లో అమెరికాలో హ్యూస్టన్‌లోని ఎండీ ఆండర్సన్ కాన్సర్ ఆస్పత్రి వాళ్ళు మెలనోమా పేషెంట్లని చూస్తే రోజుకి 20 గ్రాములైనా పీచు తిని, ప్రోబయోటిక్స్ వాడనివాళ్ళకే ఇమ్యునోథెరపీ బాగా పనిచేసింది, ఎలకలకి మామూలు ప్రోబయోటిక్స్ ఇస్తే మందు పనితనం తగ్గింది కూడా. ఏ బాక్టీరియా అన్నదే అసలు విషయం అన్నయ్యా, ఏదో ఒకటి వేస్తే సరిపోదు. ఒంట్లో తెల్లకణాలు బాగా పడిపోయినవాళ్ళకైతే ఆ బతికున్న బాక్టీరియానే రక్తంలోకెళ్ళి ఇన్ఫెక్షన్ తెచ్చే ప్రమాదం ఉంది.

అందుకని ఇప్పుడు అమ్మ పొట్టుపెసలు, గోరుచిక్కుడు, జొన్నరొట్టె, జామకాయ మారుస్తూ పెడుతోంది, పెద్దమ్మ రొట్టె సగమే తింటోంది కానీ జామకాయ మాత్రం తనే అడుగుతోంది. బుధవారం మళ్ళీ వెళ్ళాలి, డాక్టర్‌కి చూపించడానికి వాడినవన్నీ కాగితం మీద రాశా, కాప్సుల్స్ పేరు, పోయిన నెల జలుబుకి షాపతను ఇచ్చిన యాంటీబయాటిక్ కూడా, ఎందుకంటే అది పేగుల్లో మంచి బాక్టీరియాని కూడా చంపేస్తుంది, ఆ సంగతి ఆరోజు మా ఎవరికీ తట్టలేదు.