ఊడ్నదట్టా దారిలో ట్రైలరు లాగుతూ

దక్షిణ ఆస్ట్రేలియాలో మరీ అని ఒక ఊరుంది (పేరే అంత). అక్కడ మొదలై విలియం క్రీక్, ఊడ్నదట్టా మీదుగా మార్లా దాకా సుమారు 620 కిలోమీటర్ల మట్టిదారి, 1980లో మూసేసిన పాత ఘాన్ రైలు దారిని అంటిపెట్టుకుని పోతుంది. మా టొయోటా ప్రాడో కారు వెనక, రాత్రి పడుకోవడానికి గుడారంలా విప్పుకునే సింగిల్ యాక్సిల్ (ఒకే ఇరుసు) క్యాంపర్ ట్రైలరు.

దీని పలక మీద ఖాళీ బరువు 1,350 కిలోలు, నిండుగా నింపితే దాటకూడని బరువు, అంటే ఏటీఎం, 2,000. మధ్యలో 650 కిలోలు ఉన్నాయి కదా అనిపిస్తుంది. నీళ్లు 120 లీటర్లంటే 120 కిలోలు. రెండు గ్యాస్ బండలు 35. ఫ్రిజ్జు, అందులో తిండి 60. తర్వాత బిగించుకున్న పందిరి, రెండో బ్యాటరీ పలక మీది లెక్కలో లేవు. సర్దడం అయ్యాక వేబ్రిడ్జి ఎక్కిస్తే 1,920 చూపించింది. కొనేటప్పుడు పరుపు మెత్తదనం కన్నా ముందు చూడాల్సింది ఈ అంకెలు.

అందులో కారు కొక్కెం మీద పడేది 185 కిలోలు, దాదాపు పదో వంతు. ఇది మరీ తక్కువైతే ట్రైలరు తోక ఆడిస్తుంది. సరిగ్గా ఉన్నా ఆ 185 కారు మోసే బరువులోంచే పోతుంది. పైన క్యారియర్, లోపల నలుగురు మనుషులున్న కారుకి ఇక పెద్దగా మిగలదు. "మూడు టన్నులు లాగుతుంది" అన్న మాట నమ్మి చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

కొక్కెం మామూలు 50 మిల్లీమీటర్ల బాల్ కాదు, డీఓ35 రకం. వాగులోకి కారు దిగిపోయి ట్రైలరు ఇంకా గట్టు మీదే ఉన్నప్పుడు బాల్ తిరగగలిగినంత తిరిగి పట్టేస్తుంది, ఆ ఒత్తిడంతా ఇనుము మీద పడుతుంది. డీఓ35 అన్ని వైపులా తిరుగుతుంది. తగిలించేటప్పుడు మాత్రం సహనం కావాలి: పిన్ను సూటిగా రంధ్రం కిందికి రాకపోతే లోపలికి పోదు. వెనక ఒకరు నిలబడి చెయ్యి ఊపాల్సిందే.

మరీలో గాలి తగ్గించాం. ట్రైలరు టైర్లు 40 పాయింట్ల నుంచి 28కి. గాలి తగ్గించాక 80 దాటకూడదు, టైరు పక్క గోడలు వేడెక్కి చీలతాయి. కారులోంచి ట్రైలరు బ్రేకుల్ని నడిపే బ్రేకు కంట్రోలరు కూడా కాస్త తగ్గించాలి. తారు మీద పెట్టిన సెట్టింగే ఉంచితే గులకరాళ్ల మీద ట్రైలరు చక్రాలు బిగుసుకుని జారతాయి.

తర్వాత మొదలయ్యేది సిమెంటు రేకుల కప్పు మీద బండి నడిపినట్టుండే రోడ్డు. షాక్ అబ్జార్బర్లకు అసలు పరీక్ష అదే. అవి కుదుపుని వేడిగా మారుస్తాయి. గంటల తరబడి అలా సాగితే లోపలి నూనె నురగెత్తి పట్టు పోతుంది, ఇక స్ప్రింగు ఇష్టమొచ్చినట్టు ఎగురుతుంది. అందుకే యాభై కిలోమీటర్లకోసారి దిగి, ప్రతి హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గరా ముందు అరచేతి వెనక వైపు పెట్టి చూశాం. రెండూ ఒకే వేడి అయితే ఫర్వాలేదు. ఒకటే ఎక్కువ కాలుతుంటే బ్రేకు పట్టేస్తోంది, లేదా బేరింగు పోతోంది.

విలియం క్రీక్ దాటాక హబ్బులు బాగానే ఉన్నాయి కానీ ఎడమ షాక్ అబ్జార్బరు ముట్టుకోలేనంత కాలింది. కింది బోల్టు వదులై, రబ్బరు బుష్షు నలిగి నల్లటి పొడి రాలుతోంది. అరగంట చల్లారనిచ్చి, జాకీ ఎత్తి, విడిగా తెచ్చుకున్న బుష్షు వేసి బిగించాం. అక్కడినుంచి 60 మీదే నడిపాం. పట్టీల కమాన్లున్న ట్రైలరైతే ఒళ్లు హూనమయ్యేది కానీ, పట్టీ విరిగినా ఏ పల్లె వర్క్‌షాపులోనైనా అతుకు పడుతుంది. కాయిల్ స్ప్రింగుల సుఖానికి ఇదీ ఖరీదు.

లోపల సామానుదీ అదే గతి. అల్యూమినియం డబ్బాలు ఒకదానికొకటి రాసుకుని చిల్లులు పడతాయి. మధ్యలో గుడ్డలు కుక్కాలి, ఆవకాయ సీసాకి ఏకంగా తువ్వాలే చుట్టాం. ఫ్రిజ్జుకి కరెంటిచ్చే ఆండర్సన్ ప్లగ్గు కుదుపులకి మెల్లగా ఊడుతుంది. ఊడినట్టు సాయంత్రం పాలు విరిగేదాకా తెలీదు. జిప్ టై వేసి కట్టేయడమే మందు.

అంతకుముందు రాత్రి, విలియం క్రీక్ ఇంకా రాకముందే, కౌవర్డ్ స్ప్రింగ్స్‌లో ఖర్జూర చెట్ల కింద మకాం. కాన్వాసుని ఇంటి దగ్గరే రెండుసార్లు తడిపి ఆరబెట్టి తెచ్చాం. తడికి దారం ఉబ్బి కుట్ల రంధ్రాలు పూడతాయి, లేకపోతే మొదటి వానకే కారుతుంది. వాన పడితే ఈ దారినే మూసేస్తారు. మూసిన దారిలో వెళ్తే జరిమానా.

ఊడ్నదట్టాకి ముందు 578 మీటర్ల ఆల్జిబకినా పాత రైలు వంతెన కింద కాసేపు ఆగి, మర్నాటికి మార్లా చేరి తారెక్కాం. మళ్లీ 40కి గాలి కొట్టి, టార్క్ రెంచితో చక్రాల నట్లు చూస్తే ఎడమ చక్రంలో రెండు, పావు చుట్టు చొప్పున తిరిగాయి.