పొలంలో దిగిన గ్లైడర్ కోసం

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రోన్ కొండల్లోని వాసర్‌కుప్పెకు వెళ్లింది గ్లైడర్ ఎక్కుదామని. గ్లైడర్ అంటే ఇంజిన్ లేని విమానం; పైకి లేచే గాలి దొరక్కపోతే ఏ పొలంలోనో దిగక తప్పదు. ఎక్కాను కూడా. కానీ ఆ ఆగస్టు ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది ట్రైలర్ తగిలించిన కారులో, పొలంలో దిగిన వేరే గ్లైడర్‌ను తేవడానికి వెళ్లడం.

వాసర్‌కుప్పె ఎత్తు 950 మీటర్లు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో ఇంజిన్ విమానాల మీద ఆంక్షలు పెట్టడంతో, ఎగరాలన్న కుర్రాళ్లంతా ఇంజిన్ లేనివాటితో ఇక్కడికి చేరారు. 1920లో తొలి పోటీ జరిగింది. అప్పట్లో ఎంత దూరాన, ఎవరి చేలో దిగితే అంత గొప్ప. 1926లో మాక్స్ కేగెల్‌ను ఉరుముల మేఘం లాక్కుపోయి 55 కిలోమీటర్ల అవతల దించితే ఆయన హీరో అయిపోయాడు. ఇప్పుడు బయల్దేరిన చోటికి తిరిగి రావడమే లెక్క. అందుకే కొంతమందికి పొలంలో దిగడం నామోషీ. ఆ నామోషీతోనే నాకు పేచీ. ‘ఇంకాస్త లాగేద్దాం’ అనిపించేది అదే కదా!

నన్ను ఎక్కించుకున్న ఇన్‌స్ట్రక్టర్ పొలంలో దిగడం గురించి పైనుంచే పాఠం చెప్పారు. 600 మీటర్ల ఎత్తుకు వచ్చేసరికి ఏ వైపు దిగాలో, 300కి ఏ పొలమో తేలిపోవాలి. కోసేసిన గోధుమ చేను మేలు. నిలువెత్తు మొక్కజొన్న జోలికి వెళ్లకూడదు. కరెంటు తీగలు కనిపించవు, స్తంభాలు వెతుక్కోవాలి.

సాయంత్రం ఫోనొచ్చింది. మేం వెళ్లేసరికి పైలట్ అమ్మాయి రెక్క నీడలో కూర్చుని ఉంది. ట్రాక్టర్ మీద వచ్చిన రైతు ముందు ‘దెబ్బలేమైనా తగిలాయా?’ అని అడిగి, తర్వాతే మోళ్ల వైపు చూశాడు. అక్కడ గ్లైడర్ దిగడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, కానీ పేరు, ఇన్సూరెన్స్ వివరాలు ఇచ్చి తీరాలి. మా ఊళ్లో అయితే ఈపాటికి జాతరే!

ముందు తోక రెక్క ఊడదీశారు. తర్వాత పెద్ద పిన్ను లాగితే రెక్కలు విడిపోయాయి. ఒక కొస నాకు పట్టించారు. మోళ్లు చీలమండలకు గుచ్చుకుంటున్నా రెక్కను కింద పెట్టే ధైర్యం లేకపోయింది.

తేవడానికి వెళ్లినవాళ్లకు భోజనం పైలట్ ఖర్చే, అది వాళ్ల ఆనవాయితీ. తింటుండగా ఒకాయన ‘ఆ అడవి దాటేస్తే వచ్చేసేదానివిగా’ అన్నాడు.

‘దాటలేకపోతే?’ అంటూ ఆమె మెనూ కార్డు అందుకుంది. మేమూ మొహమాటపడకుండానే ఆర్డర్ చేశాం.